మిల్లుకు బయల్దేరకముందే రేటు తెలవాలంటే...

పొలంలో కోత మిషన్ దిగింది. గట్టు పక్కన ట్రాక్టర్ ట్రక్కు నిలబడి ఉంది. మీరు ఫోన్ తీసి తెలిసినవాళ్లకు కొడతారు. "అన్నా, ఇయ్యాల సన్నాలు ఏం రేటు వోతున్నయే?" ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకొకటి. ఏదో ఒకటి నమ్ముకుని ట్రక్కు నింపి మిల్లు దారి పడతారు. గేటు ముందర గంటలు గడుస్తాయి. గుమాస్తా వచ్చి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, "పచ్చిగ ఉన్నయి" అని తన రేటు తాను చెబుతాడు. మీరు పొద్దున విన్న రేటుకూ దానికీ పొంతన ఉండదు. అయినా ఏం చేస్తారు? మిషన్ కోసిన ధాన్యం, తేమ ఇంకా దిగలేదు. కుప్ప పోసి నాలుగు రోజులు ఉంచితే రంగు మారుతుంది, ముక్క వాసన పడుతుంది. ట్రక్కు కిరాయి మీద పడుతూనే ఉంటుంది. "సరే, కాంటా పెట్టండి" అంటారు.

సాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు వ్యవసాయం చేసేవారికి ఈ కథ కొత్తది కాదు. నీళ్లు ఒకేసారి వస్తాయి, నాట్లు ఒకేసారి పడతాయి, కోతలూ ఒకేసారి మొదలవుతాయి. 2020 వానకాలం కోతలప్పుడు మిర్యాలగూడ ప్రాంతంలో సన్నాలకు టోకెన్లు పెట్టాల్సి వచ్చింది. ధాన్యం రాశి ఒక్కసారిగా మీద పడినప్పుడు రేటు చెప్పేవాడిది పైచేయి, అడిగేవాడిది కింది చేయి.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ రోజు ఏ మిల్లులో ఎంత ఇచ్చారన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. నిన్న అమ్మినవారి జేబులో కాంటా చీటీ ఉంది. మొన్న అమ్మినవారి ఇంట్లో డబ్బాలో చీటీ ఉంది. రకం, తూకం, తరుగు, రేటు అన్నీ దానిమీద ఉన్నాయి. ఊరి మొత్తం మీద అటువంటివి వందలు ఉంటాయి. అవన్నీ ఒకచోట లేకపోవడమే మన లోటు. వాటిని ఒకచోట చేర్చి, ఎవరు అడిగినా ఫోన్‌లో వెదికి చూపించే చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు. దానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలుంటే కొద్ది వారాల పని. అదేమిటో, ఎలా పనిచేస్తుందో మీకు తెలిసి ఉండాలి. ఎందుకంటే ఏ వివరాలు రాయాలో చెప్పవలసింది మీరే. అది చదువుకున్న కుర్రవాడికి తెలియదు.

సర్కారు లెక్కలు లేవా?

ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ మార్కెటింగ్ శాఖ 2000 సంవత్సరంలో ఆగ్‌మార్క్‌నెట్ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. దేశంలోని మార్కెట్ యార్డులు ఆ రోజు వచ్చిన సరుకెంత, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర ఎంత అన్నది అందులోకి ఎక్కిస్తాయి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది. యార్డులో కంప్యూటర్ ద్వారా టెండర్ వేసే పద్ధతి అది. సూర్యాపేట యార్డుకు ధాన్యం తెచ్చేవారికి ఈ లెక్కలు తప్పకుండా పనికొస్తాయి. గరిష్ఠ ధర ఒక్కటే చూసి మోసపోకండి. ఆ ధర ఒక్క కుప్పకు పడి ఉండవచ్చు. ఎక్కువ సరుకు పోయిన ధర ఏదో అది చూడాలి.

అయితే యార్డు గేటు దాటని సరుకు యార్డు లెక్కలోకి రాదు. కోత మిషన్ కింది నుంచి నేరుగా మిల్లుకు పోయే పచ్చి సన్నాల ధర అందులో వెదికినా దొరకదు. మన ప్రాంతంలో సన్నాల రైతుకు కావలసింది సరిగ్గా ఆ లెక్కే. అది మనమే రాసుకోవాలి.

"వాట్సాప్ గ్రూపుంది గదా" అంటారేమో. ఉంది, మంచిదే. కానీ గ్రూపులో పొద్దున పెట్టిన రేటు మధ్యాహ్నానికి శుభోదయాల కింద, పెండ్లి పత్రికల కింద కూరుకుపోతుంది. "పోయిన వానకాలం నవంబరు రెండో వారంలో 22 తేమ ఉన్న సాంబ మసూరికి ఎవరెంత ఇచ్చారు?" అని గ్రూపును అడిగితే జవాబు రాదు. పట్టికను అడిగితే వస్తుంది.

మీరు ఇదివరకే వాడుతున్నదే

భూమి వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోని రైతు ఇప్పుడు తక్కువ. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో చూశాం, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూ భారతిలో చూస్తున్నాం. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటాం. సర్వే నెంబరు కొడతాం. ఖాతా, విస్తీర్ణం తెరమీదికి వస్తాయి. లోపల జరిగేదేమిటి?

మూడు వస్తువులు ఉంటాయి. ఒకటి పట్టిక. పాత పహాణీ గుర్తు తెచ్చుకోండి. నిలువు గళ్లలో సర్వే నెంబరు, పట్టాదారు, విస్తీర్ణం, నీటి వసతి. అడ్డ వరసల్లో ఒక్కొక్క కమతం. కంప్యూటర్లోని పట్టిక కూడా అచ్చం అంతే. దీనినే డేటాబేస్ అంటున్నారు. రెండోది మీరు నెంబరు కొట్టే పేజీ, అంటే ఫారం. మూడోది ఆ రెంటి మధ్య పరుగెత్తే మనిషి వంటిది. మీరు కొట్టిన నెంబరు పట్టుకుని పట్టిక దగ్గరికి పోయి, సరిపోయిన వరసలు ఏరుకొచ్చి, చదవడానికి వీలుగా పేర్చి మీ ఫోన్‌కు పంపుతుంది. కిరాణా కొట్టులో పాత గుమాస్తా ఖాతా పుస్తకం తిరగేసి "మీ బాకీ ఇంత" అని చెప్పినట్టే. ఈ గుమాస్తాకు చేయవలసిన పనిని వరసగా రాసి ఇస్తాం. ఆ రాతనే స్క్రిప్టు అంటారు. రాసే భాష స్క్రిప్టు భాష.

ఇటువంటి భాషలు చాలా ఉన్నాయి. 1987లో లారీ వాల్ అనే అమెరికన్ తయారుచేసిన పెర్ల్, 1991లో వచ్చిన పైథాన్, 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన పీహెచ్‌పీ. లెర్డార్ఫ్ దాన్ని మొదట తన సొంత పేజీని ఎంతమంది చూస్తున్నారో లెక్క పెట్టుకోవడానికి రాసుకున్నాడు. సొంత అవసరానికి చేసుకున్న పనిముట్టు ఊరందరికీ పనికొచ్చింది. మన పనికి పీహెచ్‌పీ చాలు. తక్కువ అద్దెకు దొరికే వెబ్ సర్వర్లన్నింటిలోనూ దాదాపు అది నడుస్తుంది. పట్టిక దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. మొత్తం పట్టిక ఒకే ఒక్క ఫైలుగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు. ఈ రెండింటికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

ఏ గళ్లు పెట్టాలి?

అసలు పని ఇక్కడుంది. స్క్రిప్టు రాయడానికి రెండు వారాలు పడితే, గళ్లు ఏవో తేల్చుకోవడానికి రచ్చబండ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చోవాలి. ఇక్కడ తప్పు చేస్తే ఎంత గొప్ప స్క్రిప్టు రాసినా లాభం లేదు.

తేదీ, మిల్లు లేదా యార్డు, రకం, తేమ శాతం, తూకం, చెప్పిన రేటు, తరుగు, చేతికి వచ్చిన మొత్తం. ఈ ఎనిమిదీ తప్పనిసరి. ఒక్కోదానికీ ఒక్కో చిక్కు ఉంది.

తూకం సంగతి చూడండి. ఒకరు బస్తా లెక్కన చెబుతారు, ఒకరు క్వింటాలు లెక్కన. బస్తా 75 కిలోలదైతే 1,650 రూపాయల బస్తా రేటు అంటే క్వింటాలుకు 2,200. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తా. రెంటినీ ఒకే గడిలో కలిపి రాస్తే ఆ పట్టిక చూసి నిర్ణయం చేసేవారు మునుగుతారు. కాబట్టి పట్టికలో ఎప్పుడూ క్వింటాళ్లే ఉండాలి. బస్తాల్లో చెప్పిన రైతుకు ఫారంలోనే "బస్తాకు ఎన్ని కిలోలు?" అని అడిగి స్క్రిప్టు చేత లెక్క కట్టించాలి.

తరుగు ఇంకా ముఖ్యం. ఒక లెక్క చెబుతాను. మీ దగ్గర 100 క్వింటాళ్లున్నాయి అనుకోండి. ఒక మిల్లు 2,250 అంటుంది, క్వింటాలుకు 3 కిలోల తరుగు తీస్తుంది. అంటే 97 క్వింటాళ్లకే డబ్బు. వచ్చేది 2,18,250. ఇంకో మిల్లు 2,200 అంటుంది, తరుగు తీయదు. వచ్చేది 2,20,000. ఎక్కువ రేటు చెప్పిన చోట 1,750 రూపాయలు తక్కువ వచ్చింది! ఫోన్‌లో రేటు అడిగినప్పుడు మనం వినేది మొదటి మాటే, రెండో మాట గేటు దగ్గర తెలుస్తుంది. కాబట్టి చేతికి వచ్చిన మొత్తాన్ని తెచ్చిన క్వింటాళ్లతో భాగించి "అసలు రేటు" అని స్క్రిప్టు తానే చూపించాలి. వెదికినప్పుడు పైన కనపడవలసింది అదే. హమాలీ, కాంటా ఖర్చులు కూడా చీటీలోనే కోసి ఉంటే ఈ లెక్కలో వాటంతటవే కలిసిపోతాయి.

తేమ గడి ఖాళీగా వదలకూడదు. 24 శాతం తేమ ఉన్న 100 క్వింటాళ్లలో నీళ్లు తీసేస్తే మిగిలే గట్టి సరుకు 76 క్వింటాళ్లు. దాన్నే 17 శాతం దాకా ఆరబెట్టి తూస్తే సుమారు 91న్నర క్వింటాళ్లు తూగుతుంది. కొనుగోలు కేంద్రం అడిగేది ఆ 17 శాతమే. 2025-26లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర 2,389 రూపాయలు. ఆ లెక్కన 91న్నర క్వింటాళ్లకు వచ్చేది దాదాపు 2,18,600. అంటే పచ్చి ధాన్యం 2,200కి అమ్మడమూ, ఆరబెట్టి మద్దతు ధరకు అమ్మడమూ ఇంచుమించు ఒకటే, ఆరబోత కూలి అదనం. అయితే 2024 వానకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ప్రకటించింది. మీ రకం ఆ జాబితాలో ఉండి బోనస్ కలిసొస్తే ఇంకో 45,000 పైచిలుకు తేడా వస్తుంది. దానికి ఎదురుగా కల్లం కావాలి, టార్పాలిన్లు కావాలి, వాన పడకూడదు, కాంటా అయ్యేదాకా కాపలా ఉండాలి. ఏది మేలో నేను చెప్పలేను, మీ ఇంటి పరిస్థితి చెబుతుంది. ఈ లెక్క కట్టాలంటే మాత్రం తేమ అంకె ఉండాలి. "పచ్చిగ ఉన్నయి" అన్న మాటను పట్టికలో రాయలేం. మిల్లులో తేమ మిషన్ పెట్టి చూడమని అడిగి ఆ అంకె చీటీ మీద రాయించుకోండి.

తేదీ గురించి చిన్న మాట. పిల్లలు సాధారణంగా రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తారు. కంప్యూటర్ దాన్ని ఉత్త అక్షరాలుగా చూసి వరస పెడితే 12వ తేదీ ముందొచ్చి 5వ తేదీ వెనక పడుతుంది. లోపల మాత్రం సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు, 2025-11-05 అన్న తీరులో దాచాలి. చూపించేటప్పుడు మన పద్ధతిలో చూపించుకోవచ్చు.

ఒకే వడ్లకు నాలుగు పేర్లు

బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204 ను తీసుకోండి. ఒకరు "సాంబ మసూరి" అంటారు. ఒకరు "బీపీటీ" అంటారు. ఒకరు "5204" అని ఊరుకుంటారు. ఇంకొకరు "బి.పి.టి." అని చుక్కలు పెట్టి రాస్తారు. మనకు నాలుగూ ఒకటే. కంప్యూటర్‌కు నాలుగూ వేరు. అది అర్థం చూడదు, అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చుకుంటుంది, అంతే.

దీనికి తిరుగుడు కూడా ఉంది. ఫారంలో "సన్నాలు" అని కొడితే, ఆ మాట ఎక్కడున్నా తెచ్చిపెట్టమని స్క్రిప్టు రాశామనుకోండి. మార్టేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010 అసలు పేరు కాటన్ దొర సన్నాలు. పేరులో సన్నాలున్నాయి కాబట్టి అదీ వచ్చేస్తుంది. కానీ మన దగ్గర 1010ని దొడ్డు వడ్ల కిందే కొంటారు. కూనారం సన్నాలదీ ఇదే తంతు. సన్నాల సగటు రేటు చూద్దామనుకున్న రైతుకు దొడ్డు రేట్లు కలిసి వస్తాయి. అంకె తక్కువగా కనపడుతుంది, "మనకు బాగానే ఇచ్చిండ్రు" అనుకుని ఇంటికి పోతాడు.

అందువల్ల రకం పేరును చేత్తో కొట్టనివ్వకూడదు. రకాలకు వేరే చిన్న పట్టిక పెట్టి ఒక్కోదానికి ఒక నెంబరు ఇవ్వాలి. ఆ రకానికి ఊళ్లో ఎన్ని పేర్లుంటే అన్నీ ఆ నెంబరు ఎదురుగా రాయాలి. సన్నమా, దొడ్డా అన్నది పేరులో వెదకకుండా వేరే గడిలో పెట్టాలి. పెద్ద పట్టికలో ఆ నెంబరే ఉంటుంది. రైతు ఏ పేరుతో వెదికినా దారి ఒకే నెంబరుకు పోతుంది. మిల్లులకూ, ఊళ్లకూ ఇదే పద్ధతి. మన ఊరి పేర్లే చూడండి. మిర్యాలగూడ, మిరియాలగూడ, మిర్యాలగూడెం. సూర్యాపేట, సూర్యపేట. బోర్డు బోర్డుకూ ఒక తీరు.

తెలుగు రాతలో ఇంకో గూఢం ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను వంటి పాత ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. అటువంటి పట్టికను అట్లాగే ఎక్కిస్తే వెదుకులాటకు ఒక్కటీ చిక్కదు. అంతా యూనికోడ్‌లో ఉండాలి, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచాలి. యూనికోడ్‌లో కూడా కంటికి కనపడని గుర్తు ఒకటి మాటల మధ్య దూరుతుంది. చూడడానికి రెండు మాటలూ ఒకటే, పోలిస్తే కలవవు. దాచే ముందూ, వెదికే ముందూ ఆ గుర్తులనూ, మాటకు ముందు వెనక ఉన్న ఖాళీలనూ స్క్రిప్టు చేత తీసివేయించాలి. స్క్రిప్టు రాసే పిల్లవాడికి ఈ పేరా తప్పకుండా చదివి వినిపించండి. తల పట్టుకునే రెండు రోజులు మిగులుతాయి.

భూమి వివరాలు వెదికేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. సర్వే నెంబరు తర్వాత గీత పెట్టి ఉండే "అ", "ఆ", "1" వంటి బై నెంబరు పాసుబుక్కులో ఎట్లా ఉంటే అట్లాగే ఎంచుకోవాలి. ఒక గీత తేడా పడితే "వివరాలు లభించలేదు" అని వస్తుంది. భూమి పోయిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. టీ అక్షరంతో మొదలయ్యే పాసుబుక్కు నెంబరుతో మళ్లీ వెదకండి. దానితో కూడా రాకపోతే అప్పుడు పాసుబుక్కు జిరాక్సు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. అక్కడ సరిచూడవలసింది తెరను కాదు, లోపలి పట్టికలో ఆ వరస ఉందా లేదా అన్నది.

స్క్రిప్టు రాసే పిల్లలకు

రెండే పేజీలు చాలు. ఒకటి రాసేది, ఒకటి వెదికేది. వెదికే పేజీ ఎవరైనా చూడవచ్చు. రాసే పేజీకి పాస్‌వర్డు ఉండాలి, అది ఊళ్లో ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి.

పట్టికను అడిగే భాష వేరే ఉంది, ఎస్‌క్యూఎల్ అంటారు. "చిట్టా పట్టికలోంచి రకం 3, తేదీ ఈ నెల ఒకటి తర్వాత ఉన్న వరసలు తియ్యి, కొత్తవి పైన పెట్టు" అన్న ఆజ్ఞను ఇంగ్లీషు మాటల్లో రాయడమే. ఇక్కడ ఒక జాగ్రత్త. రైతు ఫారంలో కొట్టిన మాటను నేరుగా ఈ ఆజ్ఞలో అతికించకూడదు. ఎవడో తుంటరి మాట బదులు "పట్టిక మొత్తం చెరిపెయ్యి" అన్న ఇంకో ఆజ్ఞనే ఫారంలో రాసి పంపవచ్చు. అతికిస్తే అది కూడా నడిచిపోతుంది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే. ఆజ్ఞను ముందే గట్టిగా రాసి, మాట పట్టే చోట మాత్రం గుంట వదలాలి. గుంటలో ఏం పడినా అది వెదకవలసిన మాటే అవుతుంది, ఆజ్ఞ కాదు. పీహెచ్‌పీలో పీడీఓ అనే పనిముట్టుతో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ రాయడమంటే ఇదే. తెర మీద చూపించేటప్పుడు కూడా, ఎవరో రాసిన మాటలో పేజీని చెడగొట్టే గుర్తులుంటే వాటిని ఉత్త అక్షరాలుగా మార్చి చూపించాలి.

మొదటి రోజే సర్వర్ అద్దెకు తీసుకోకండి. పీహెచ్‌పీలోనే ప్రయత్నించి చూసుకోవడానికి చిన్న సర్వర్ ఉంది. ఇంట్లో పాత కంప్యూటర్ మీద నడిపి, ఓ యాభై చీటీలు ఎక్కించి, వెదికి చూడండి. ఊళ్లో నలుగురు పెద్దవాళ్ల చేత వెదికించండి. కళ్లజోడు పెట్టుకుని చూసే తాతకు అక్షరం కనపడుతోందా, బొటనవేలికి బటన్ అందుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట కూడా పేజీ రావాలి. కాబట్టి బొమ్మలు, రంగులు, కదిలే అక్షరాలు వద్దు. ఎస్‌క్యూలైట్ ఫైలును సర్వర్‌లో బయటివారు దింపుకునే చోట పెట్టకూడదు. వారానికోసారి దాని నకలు తీసి వేరేచోట దాచాలి. ఉరుము పడి కంప్యూటర్ పోయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

రైతు పేరు, ఫోన్ నెంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా పట్టికలో ఎక్కించవద్దు. రేటు తెలియడానికి అవేవీ అక్కర్లేదు. ఎవరికి ఎన్ని లక్షలు వచ్చాయో ఊరందరికీ తెలిస్తే అప్పులవాళ్లు వరసకడతారు. చీటీ నెంబరు ఒక్కటి రాసుకుంటే చాలు, అది కూడా వెదికే పేజీలో కనపడకూడదు.

నిజంగా నిలబడుతుందా?

నిలబడకుండా పోవడానికి స్క్రిప్టు కారణం కాబోదు. రాసేవాళ్లు లేకపోవడమే కారణం అవుతుంది. మొదటి వారం అందరూ ఉత్సాహంగా చీటీలు తెస్తారు. రెండో వారం కోతల హడావుడి. మూడో వారం ఎవరూ రారు. పది రోజుల కిందటి రేటు చూపించే చిట్టా లేకపోయినా ఒకటే. రైతు వచ్చి రాయాలని చూడకండి. పాల కేంద్రం దగ్గరో, ఎరువుల దుకాణం దగ్గరో పొద్దున ఓ అరగంట ఒక పిల్ల గానీ పిల్లవాడు గానీ కూర్చుంటే, చీటీ ఫోటో తీసుకుని వాళ్లే ఎక్కిస్తారు. సీజన్ మొత్తం మీద ఆ పని చేసినందుకు ఊరు తలా కొంత వేసుకుని ఇవ్వడం న్యాయం. ఉచితంగా చేయమంటే యాసంగి దాకా కూడా సాగదు.

చీటీ లేని రేటు రాయవద్దు. "నాకు 2,600 ఇచ్చిండ్రు" అని కొందరు గొప్పకు చెబుతారు. ఒక్క అబద్ధపు అంకె పడితే ఇంకో పదిమంది ఆ మిల్లుకే పోయి క్యూ కడతారు. మిల్లు మీద మంచీ చెడూ వ్యాఖ్యానాలు కూడా వద్దు. చీటీ మీద ఉన్న అంకెలు మాత్రమే. అప్పుడు మిల్లువారు వచ్చి అడిగినా చీటీ చూపించి నిలబడవచ్చు. నిజాయితీగా కాంటా పెట్టి తరుగు తీయని మిల్లుకు దీనివల్ల నష్టం లేదు, పైగా ట్రక్కులు దాని వైపే తిరుగుతాయి.

ఈ చిట్టా వల్ల రేటు పెరుగుతుందని నేను అనను. ఊరంతా ఒకే వారంలో కోస్తే ఏ పట్టికా ఆదుకోలేదు. అయితే రెండు మూడు సీజన్లు రాశాక, ఏ వారంలో రేటు పడిపోతున్నదో, కోత ఎన్ని రోజులు ముందైతే, వెనకైతే ఎంత తేడా వస్తున్నదో మీ సొంత ఊరి అంకెల్లోనే కనపడుతుంది. నారు ఎప్పుడు పోయాలి, స్వల్పకాలిక రకం వేయాలా వద్దా అన్న మాట అప్పుడు ఆ అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

పోయిన యాసంగి చీటీలు పారేసి ఉండరు. బీరువాలో, బియ్యం డబ్బాలో, పాసుబుక్కు మడతలో వెదకండి. మొదట ఎక్కించవలసినవి అవే. ఒక్కోటి మసక కాకముందే ఫోటో తీసి పెట్టుకోండి, మిల్లు కంప్యూటర్ చీటీల సిరా ఎండకు ఏడాది తిరక్కుండానే వెలిసిపోతుంది.